ఎలియట్ మార్బుల్స్ కథ: ఇంగ్లీషు నౌన్ ఫ్రేజ్ పల్నాడు రాళ్ళకి ఏం చేసింది?

రెంటచింతల అనగానే బయటివాళ్ళకి గుర్తొచ్చేది ఒక్కటే, ఎండ. మే నెల వచ్చిందంటే వాతావరణ శాఖ లెక్కల్లో ఈ ఊరి పేరు వినపడాల్సిందే. తెలుగు వార్తల్లో "రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసిన ఊరు" అంటారు. ఇంగ్లీషు పేపర్లో అదే ముక్క "ద హాటెస్ట్ ప్లేస్ ఇన్ ద స్టేట్" అని పడుతుంది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగులో 'ఊరు' అనే మాట చిట్టచివర కూర్చుంది. దాని గురించి చెప్పాల్సిందంతా ముందే చెప్పేశాం. ఇంగ్లీషులో 'ప్లేస్' మధ్యలో ఉంది. దానికి ముందు కొంచెం, వెనక కొంచెం. ఇలా ఒక నామవాచకం చుట్టూ చేరిన మాటల గుంపునే నౌన్ ఫ్రేజ్ అంటాం. గుంపులో పెద్దమనిషి ఒకడే ఉంటాడు, వాడు హెడ్. మిగతావాళ్ళంతా వాడి గురించి చెప్పడానికి వచ్చినవాళ్ళు.

గ్రామర్ క్లాస్ అనుకుని పక్కకి జరపకండి. ఇవాళ చెప్పేది చరిత్రే. మన రెంటచింతల మండలంలోనే ఉన్న గోలి అనే ఊరి చరిత్ర, దాంతోపాటు అమరావతి రాళ్ళ చరిత్ర.

గోలిలో ఒక బౌద్ధ స్తూపం ఉండేది. ఇక్ష్వాకుల కాలం నాటిది, అంటే సుమారు మూడో శతాబ్దం ఆ ప్రాంతం. దాన్ని 1926లో వెలికి తీసినవాడు జువో దుబ్రయ్ అనే ఫ్రెంచి పండితుడు, పాండిచ్చేరిలో ఉండేవాడు. అక్కడ దొరికిన శిల్పాలు మద్రాసు మ్యూజియంకి చేరాయి. వాటి మీద టి.ఎన్. రామచంద్రన్ అనే ఆయన 1929లో మ్యూజియం తరఫున ఒక చిన్న పుస్తకం వేశారు. పుస్తకం పేరు వినండి: "బుద్ధిస్ట్ స్కల్ప్‌చర్స్ ఫ్రమ్ ఎ స్తూప నియర్ గోలి విలేజ్, గుంటూర్ డిస్ట్రిక్ట్".

ఈ పేరులో క్రియ లేదు. మొత్తం కలిపి ఒకే ఒక్క నౌన్ ఫ్రేజ్. ఇప్పుడు దీన్ని తెలుగులో చెప్పండి. "గుంటూరు జిల్లా గోలి గ్రామం దగ్గరి స్తూపంలోని బౌద్ధ శిల్పాలు". ఏం జరిగింది? పేరు తోక నుంచి తల దాకా తిరగబడింది. ఇంగ్లీషులో చివరున్న గుంటూరు జిల్లా మనకి మొదట వచ్చింది. ఇంగ్లీషులో మొదట్లోనే వచ్చేసిన శిల్పాలు మనకి ఆఖర్న వచ్చాయి. ఒక్క 'బౌద్ధ శిల్పాలు' అన్న జంట మాత్రం రెండు భాషల్లోనూ అదే వరసలో ఉంది, 'బుద్ధిస్ట్ స్కల్ప్‌చర్స్'. ఎందుకంటే ఒంటి విశేషణాన్ని ఇంగ్లీషు కూడా ముందే పెడుతుంది. పొడుగ్గా ఉండే వివరం వస్తేనే దాన్ని వెనక్కి నెట్టేస్తుంది.

రోజూ మాట్లాడే ఇంగ్లీషులోనూ ఇదే పద్ధతి. "నీలం చొక్కా వేసుకున్న అబ్బాయి మా తమ్ముడు" అని మనం అంటాం. ఇంగ్లీషువాడు "ద బాయ్ ఇన్ ద బ్లూ షర్ట్ ఈజ్ మై బ్రదర్" అంటాడు. ముందు అబ్బాయిని చూపించి, తర్వాత చొక్కా చూపిస్తాడు. మన బుర్ర తెలుగు వరసలో నడుస్తుంది కాబట్టి నోట్లోంచి "దట్ బ్లూ షర్ట్ బాయ్" అని వచ్చేస్తుంది. అర్థం కాదా అంటే అవుతుంది. కానీ "నిన్న మాచర్ల బస్సులో మన పక్కన కూర్చున్న పెద్దాయన" అని చెప్పాల్సి వస్తే ఆ దారి మూసుకుపోతుంది, అన్నిటినీ ముందు ఇరికించలేం. "ది ఓల్డ్ మ్యాన్ హూ శాట్ నెక్స్ట్ టు అస్" అని హెడ్‌ని ముందు దింపాల్సిందే. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోవడం చాలాసార్లు పదాలు రాక కాదు, ఈ వరస తిరగేయడం దగ్గరే.

సరే, ఇంగ్లీషు ఎప్పుడూ ఇలాగే ఉండేదా? ఉండేది కాదు. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో మనలాగే విభక్తులుండేవి. రాజు కొడుకు అనాలంటే రాజు అన్న మాట రూపమే మారేది. ఇప్పుడు "కింగ్స్ సన్" అన్నప్పుడు చివర తగిలించే ఆ 'స్' దాంట్లో మిగిలిన ముక్కే. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక, తర్వాతి రెండు మూడు వందల ఏళ్ళలో పాత విభక్తులు అరిగిపోయాయి, 'ఆఫ్' వాడకం బాగా పెరిగింది. ఫ్రెంచిలో 'ద' అనే మాట చేసే పని కూడా అదే కావడం దానికి తోడైంది. అసలు ఈ 'ఆఫ్', స్విచ్ 'ఆఫ్' చెయ్యి అనేటప్పుడు వాడే 'ఆఫ్', ఒకప్పుడు ఒకే మాట. అర్థం 'నుంచి, దూరంగా' అని.

మన తెలుగులో ఆ 'ఆఫ్' ఎక్కడుంది? మాటలోనే దాక్కుని ఉంది. ఇల్లు, ఇంటి తలుపు. కన్ను, కంటి చూపు. పన్ను, పంటి నొప్పి. రెండు, రెంటికి. పల్నాడు, పల్నాటి యుద్ధం. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఈ 'టి'ని ఔపవిభక్తికం అన్నారు. పేరు చూసి భయపడకండి, పని చిన్నదే. పల్నాడు చివర 'డు' పోయి 'టి' రాగానే "ఇంకో మాట వస్తోంది, ఆగు" అని సిగ్నల్ అన్నమాట. ఇంగ్లీషువాడికి ఆ సిగ్నల్ లేదు కాబట్టి "ద బ్యాటిల్ ఆఫ్ పల్నాడు" అని మధ్యలో ఒక మేకు కొట్టాలి.

ఇంకో చిన్న ముచ్చట చెప్పి ముందుకెళ్దాం. 'ఎ', 'యాన్' అనేవి పాత ఇంగ్లీషులో 'ఒకటి' అనే మాట అరిగి వచ్చినవి. 'ద' అనేది 'ఆ' అనే మాట లాంటి దాంట్లోంచి వచ్చింది. అంటే ఒకప్పుడు అవి కూడా మన 'ఒక', 'ఆ' లాంటివే. వాడగా వాడగా అరిగి, అతుక్కుని, అవి లేకపోతే నామవాచకం బయటకి రాలేని స్థితికి చేరాయి. ఆ అతుక్కోవడంలో అక్షరాలు కూడా అటూ ఇటూ జారాయి. 'ఏప్రన్' మొదట 'న్యాప్రన్'. 'ఎ న్యాప్రన్' అనేది వినడానికి 'యాన్ ఏప్రన్'లా ఉండి, 'న'కారం పక్కింటికి వెళ్ళిపోయింది. ఆరెంజ్ సంగతీ ఇంతే. సంస్కృతంలో నారంగం, మన దగ్గర నారింజ, అరబ్బీలోనూ 'న'తోనే మొదలు. యూరప్ చేరాక ఇటలీ, ఫ్రాన్సు వైపు 'ఒక' అన్న మాటలో ఆ 'న' కలిసిపోయి, ఇంగ్లీషుకి వచ్చేసరికే 'ఆరెంజ్' అయింది. మన బండి మీద నారింజ మాత్రం పూర్తిగా ఉంది, అక్షరం కూడా తరగలేదు.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. ఇది వింటే నాకు ఇప్పటికీ కొంచెం మండుతుంది.

అమరావతి స్తూపం గురించి మీకు తెలుసు. 1790ల చివర్లో కోలిన్ మెకెంజీ అక్కడికి వచ్చి చూశాడు. తర్వాత 1845లో వాల్టర్ ఎలియట్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి తవ్వించి, చాలా శిల్పాలు మద్రాసుకి పంపించాడు. అక్కడ కొన్నేళ్ళు పడి ఉన్నాయి. 1859లో వాటిల్లో వందకి పైగా ఓడెక్కించి లండన్ పంపేశారు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి అవే. వీటికి ఆ రోజుల్లో వాడుకలో పడిన పేరు 'ఎలియట్ మార్బుల్స్'.

ఇది కూడా నౌన్ ఫ్రేజే. కానీ రామచంద్రన్ పుస్తకం పేరులాంటిది కాదు. ఇందులో 'ఫ్రమ్' లేదు, 'ఆఫ్' లేదు. రెండు నామవాచకాలు పక్కపక్కన నిలబెట్టారు, అంతే. ఇంగ్లీషులో ఇలా నౌన్ పక్కన నౌన్ పెడితే, ఆ రెండిటికీ చుట్టరికం ఏంటో మాటల్లో చెప్పక్కర్లేదు. మిల్క్ బాటిల్ అంటే పాలు పోసే సీసా. గ్లాస్ బాటిల్ అంటే గాజుతో చేసిన సీసా. బేబీ బాటిల్ అంటే పాపాయి తాగే సీసా. మూడూ ఒకే పద్ధతి, మూడు వేరు వేరు చుట్టరికాలు. వినేవాడే ఊహించుకోవాలి. రోజూవారీ మాటలకి ఇది భలే సుఖం.

మరి 'ఎలియట్ మార్బుల్స్' అంటే ఏం ఊహించుకోవాలి? ఎలియట్ చెక్కినవా? ఎలియట్ కొన్నవా? ఎలియట్ ఇంటివా? తవ్వించి తరలించినవాడు ఎలియట్, అదీ చుట్టరికం. కానీ ఆ సంగతి పేరులో ఎక్కడా లేదు. లండన్‌లో బోర్డు చదివినవాడికి ఎలియట్ అనే యజమాని కనపడతాడు. కృష్ణ ఒడ్డున ఊరు కనపడదు. ఈ పేరు పెట్టే అలవాటుకి వాళ్ళ దగ్గర అప్పటికే ఒక మోడల్ ఉంది. ఏథెన్స్ పార్థినాన్ గుడి శిల్పాలని ఎల్గిన్ ప్రభువు పట్టుకెళ్తే, బ్రిటన్ ప్రభుత్వం 1816లో వాటిని కొనేసింది. వాటికి 'ఎల్గిన్ మార్బుల్స్' అని పేరు పడింది. గ్రీసు వాళ్ళు ఇప్పటికీ వాటిని వెనక్కి అడుగుతున్నారు, ఆ పేరు కూడా ఒప్పుకోరు. 'పార్థినాన్ స్కల్ప్‌చర్స్' అనాలంటారు. ముందున్న ఒక్క మాట మారిస్తే, రాయి ఎవరిదన్న ప్రశ్నకి జవాబు మారిపోతుంది మరి.

మనవాటి విషయంలో ఇంకో తమాషా ఉంది. ఏథెన్స్‌వి నిజంగా పాలరాయే. మనవి కాదు. అమరావతి, గోలి, నాగార్జునకొండ, అన్నీ పల్నాడు సున్నపురాయి మీద చెక్కినవి. పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చే సున్నం, మాచర్ల వైపు ఇళ్ళలో పరిచే నాపరాయి, ఇవన్నీ ఆ జాతివే. అంటే 'ఎలియట్ మార్బుల్స్' అన్న పేరులో రెండు మాటలుంటే, మొదటి మాట ఊరిని మింగేసింది, రెండో మాట రాయినే మార్చేసింది. గ్రామర్ ప్రకారం మాత్రం ఒక్క తప్పు లేదు! తెలుగులో గోలీ అంటే ఇంగ్లీషులో మార్బుల్ అనే చెప్పాలి, పిల్లలు ఆడుకునేవి. ఆ లెక్కన మార్బుల్స్ అన్న పేరు గోలి శిల్పాలకి పెట్టి ఉంటే కనీసం నవ్వుకోవడానికైనా బావుండేది.

పేరు మెల్లగా మారింది. జేమ్స్ ఫెర్గూసన్ 1868లో వేసిన పుస్తకం పేరు 'ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్'. సాంచి, అమరావతి శిల్పాల మీద పుస్తకం, కానీ టైటిల్లో చెట్టు, పాము, పూజ. ఊరు లేదు. 1887లో జేమ్స్ బర్జెస్ పుస్తకం 'ద బుద్ధిస్ట్ స్తూపాస్ ఆఫ్ అమరావతి అండ్ జగ్గయ్యపేట' అని మొదలై, 'ఇన్ ద కృష్ణ డిస్ట్రిక్ట్, మద్రాస్ ప్రెసిడెన్సీ' అని సాగుతుంది. హమ్మయ్య, 'ఆఫ్' పక్కన ఊరి పేర్లు వచ్చాయి. 1894లో అలెగ్జాండర్ రే వేసింది 'సౌత్ ఇండియన్ బుద్ధిస్ట్ యాంటిక్విటీస్'. ఇది చూడండి, అచ్చం తెలుగు వరస. దక్షిణ భారత బౌద్ధ పురావస్తువులు. ఏమీ తిరగేయక్కర్లేదు. కానీ వివరమంతా ముందే పెట్టాలంటే ఇంగ్లీషులో చోటు తక్కువ, అందుకే ఇంత పెద్ద మాటలే పడతాయి, చిన్న ఊరు పట్టదు. గోలి లాంటి ఊరు టైటిల్ ఎక్కాలంటే 'ఫ్రమ్', 'నియర్' కావాలి. 1929 నాటి ఆ పొడుగాటి పేరు నాకు నచ్చేది అందుకే. చదవడానికి గవర్నమెంటు ఫైలు మీద రాతలా ఉంటుంది, కానీ ఏ రాయి ఏ ఊరిదో చెప్పేసింది.

కాకపోతే ఆ పద్ధతిలోనూ ఒక చిక్కుంది. ఇంగ్లీషు నౌన్ ఫ్రేజ్‌లో హెడ్ వెనక ఉన్నదంతా తోక. తోక కోసేసినా వాక్యం నిలబడుతుంది. 'బుద్ధిస్ట్ స్కల్ప్‌చర్స్ ఫ్రమ్ ఎ స్తూప నియర్ గోలి విలేజ్' కాస్తా తొందర్లో 'బుద్ధిస్ట్ స్కల్ప్‌చర్స్' అయిపోతుంది. అందుకే గోలి శిల్పాలని చాలాచోట్ల 'అమరావతి స్కూల్' అన్న పెద్ద గొడుగు కింద వేసి వదిలేస్తారు. శైలి ప్రకారం అది తప్పు కాదు. కానీ గోలి అన్న మాట లేకుండా గోలి పిల్లోడు తన ఊరి శిల్పాన్ని ఫోన్లో ఎలా వెతుక్కుంటాడు?

ఆ శిల్పాల్లో ఒకటి వెస్సంతర జాతకం. మద్రాసు మ్యూజియంలో ఉంది. కథ ఏంటంటే, వెస్సంతరుడు అనే రాజకుమారుడికి దానం చేయడం అంటే పిచ్చి. రాజ్యానికి వానలు తెచ్చే తెల్ల ఏనుగుని ఎవరో అడిగితే ఇచ్చేస్తాడు. జనం కోపంతో వెళ్ళగొడతారు. అడవికి పోతూ రథం, గుర్రాలు ఇచ్చేస్తాడు. చివరికి పిల్లల్ని, భార్యని కూడా. గోలి రాతి పలక మీద ఈ కథంతా వరసగా, మన సినిమా రీలులా చెక్కారు. ఇలాంటి సీన్లకి ఇంగ్లీషులో 'ద గిఫ్ట్ ఆఫ్ ది ఎలిఫెంట్' అని పేరు పెడతారు. కథ తెలియనివాడికి ఇది ఏనుగు ఇచ్చిన గిఫ్టా, ఏనుగునే గిఫ్టుగా ఇచ్చారా? 'ఆఫ్' రెండిటికీ పనికొస్తుంది. 'ది ఎలిఫెంట్స్ గిఫ్ట్' అంటే మాత్రం ఇచ్చింది ఏనుగే అనిపిస్తుంది. మనకీ ఈ గొడవ ఉంది. 'రవి ఫోటో' అంటే రవి ఉన్న ఫోటోనా, రవి తీసిన ఫోటోనా? ఇంగ్లీషులో 'ఎ ఫోటో ఆఫ్ రవి' అంటే అందులో ఉన్నది రవే. 'రవీస్ ఫోటో' అంటే మనలాగే ఏదైనా కావచ్చు.

వాడుకలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి కొన్ని చెప్తాను. 'ద ప్రైస్ ఆఫ్ చిల్లీస్ ఈజ్ హై'. ఇక్కడ చాలామంది 'ఆర్' అనేస్తారు, చెవికి దగ్గర్లో మిరపకాయలు ఉన్నాయి కాబట్టి. కానీ హెడ్ ధర, అది ఒక్కటే. మిర్చి యార్డులో పెరిగేది ధర గానీ మిరపకాయ కాదు కదా. ఇంకోటి, 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అనడం. తెలుగులో చెప్పుకుని చూడండి, "మా ఫ్రెండ్స్‌లో ఒకడు". మన తెలుగులోనే బహువచనం ఉంది, అదే తీసుకెళ్ళి అక్కడ పెట్టండి, 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్'. ఇక 'టీ కప్', 'ఎ కప్ ఆఫ్ టీ'. మొదటిది పాత్ర, రెండోది తాగేది. మనం కూడా టీ కప్పు పగిలింది అంటాం, కప్పు టీ ఇవ్వు అంటాం. మాట వరస మార్చి పని కానిస్తాం, 'ఆఫ్' అక్కర్లేకుండా.

చాక్‌పీస్ సంగతి వదిలితే బావుండదు. ఇంగ్లండులో 'ఎ పీస్ ఆఫ్ చాక్' అంటారు. మన బడుల్లో మాత్రం తరాలుగా 'చాక్‌పీస్' అనే అంటున్నారు, సుద్దముక్క అన్న మాట వరసలోనే. ఇలాంటివాటి మీద ఇంగ్లీషువాళ్ళు మనల్ని చాలాకాలం తిట్టారు. 1907లో వైట్‌వర్త్ అనే ఆయన భారతీయులు రాసే ఇంగ్లీషులో తప్పుల మీదే ఒక పుస్తకం వేశాడు. తర్వాత కాశ్మీరు నుంచి వచ్చిన బ్రజ్ కచ్రు అనే పండితుడు ఈ ప్రశ్ననే తిరగేశాడు. ఇవి తప్పులు కాదు, మన భాషల నేల మీద పెరిగిన ఇంగ్లీషు అన్నాడు. నేను కచ్రు వైపే. మిల్క్ బాటిల్ ఒప్పయినప్పుడు చాక్‌పీస్ తప్పెలా అవుతుంది? పద్ధతి ఒకటే కదా. అయితే బయటి పరీక్ష రాసేటప్పుడు 'పీస్ ఆఫ్ చాక్' అని రాయండి, మార్కులు వేసేవాడితో వాదన పెట్టుకోలేం. 'ఎలియట్ మార్బుల్స్'ని ఎవరూ ఎర్ర పెన్నుతో దిద్దలేదు, 'చాక్‌పీస్'ని మాత్రం దిద్దుతారు. అదీ లోకం.

ఇక ఫోన్లో వెతకడం గురించి. బర్జెస్ టైటిల్లో అమరావతి పక్కన 'కృష్ణ డిస్ట్రిక్ట్' అని ఉంది కదా, అదేంటి అనుకున్నారా? 1859లో గుంటూరు జిల్లాని కలిపేశారు, మళ్ళీ 1904లో గుంటూరు జిల్లా ఏర్పడింది. అందుకే 1887లో అమరావతి కృష్ణా జిల్లా. రామచంద్రన్ 1929లో గోలిని గుంటూరు జిల్లా అన్నారు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వచ్చింది, నరసరావుపేట కేంద్రంగా. ఇప్పుడు గోలి, అమరావతి రెండూ పల్నాడు జిల్లాలోనే. ఊరు కదల్లేదు, తోక మూడుసార్లు మారింది. కాబట్టి పాత పుస్తకాలు వెతికేటప్పుడు 'పల్నాడు డిస్ట్రిక్ట్' అని కొడితే ఏమీ రాదు. 'గోలి, గుంటూర్ డిస్ట్రిక్ట్' అని కొట్టండి. ఇంకా పాతవి కావాలంటే కృష్ణకి 'కిస్ట్నా' అని పాత స్పెల్లింగు, పల్నాడుకి చివర 'ఉ' లేకుండా 'పల్నాడ్', రాష్ట్రం పేరు దగ్గర 'మద్రాస్ ప్రెసిడెన్సీ'. ఉత్త 'గోలి' అని కొడితే గోలీ సోడా వీడియోలు వస్తాయి, అవి కూడా చూడండి, తప్పేం లేదు.

నాగార్జునకొండ మీద లాంగ్‌హర్స్ట్ 1938లో వేసిన రిపోర్టు పేరు కూడా ఇదే బాపతు, 'ద బుద్ధిస్ట్ యాంటిక్విటీస్ ఆఫ్ నాగార్జునకొండ, మద్రాస్ ప్రెసిడెన్సీ'. దీన్ని తోక నుంచి తలకి తెలుగులో చెప్పి చూడండి, ఒక్క నిమిషం పని. ఆయన తవ్విన ఆ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉంది. దాని కథ వచ్చే ఎపిసోడ్‌లో చెప్పుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్.